వెనక కాపలా

గదిలో నలుగురం ఉన్నాం. మొదటి కుర్చీలో నేను, రెండో కుర్చీలో కాకుమాను అనే ఊరి నుంచి వచ్చిన అతను, కిటికీ పక్క మంచం మీద సుబేదారు గారు, గుమ్మం బయట నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ ఒక సెంట్రీ. వస్తువులు: ఫోన్లు మూడు, అందులో ఒకటి పనిచేయదు. రిజిస్టర్లు రెండు. టేబుల్ ఫ్యాన్ ఒకటి. నీళ్ళ క్యాన్లు రెండు. గోడ మీద తెనాలి నుంచి బాపట్లకూ, తెనాలి నుంచి రేపల్లెకూ రైలు మార్గాలు గీసిన చార్టు. గడియారాలు రెండు. వాటి మధ్య ఒక నిమిషం తేడా ఉండేది. ఏది సరైనదో తేలక రెండూ ఉంచుకున్నాం.

బాపట్లలో, వాడకం మానేసిన ఒక పాత పార్సిల్ గది అది. అక్కడ ముప్పై నాలుగు రోజులు ఉన్నాం. మే నెల. గోడల మీద చెయ్యి పెడితే చెమ్మ, చెయ్యి తీస్తే సున్నం.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. నందివెలుగు దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. గంటగంటకీ మీటర్లు చూసి రీడింగులు రాయడం నా ఉద్యోగం. ఏడాదిలో రెండు నెలలు యూనిఫాం వేసుకుని, మిగతా పది నెలలు ఎవరి పని వాళ్ళు చేసుకునే సైనికులు కొందరుంటారు. అవసరం పడినప్పుడు పిలుస్తారు. నేను, కాకుమాను అతను అలాంటివాళ్ళం. ఊళ్ళో అతనికి వరి కోత యంత్రం ఉంది. సరిహద్దులో గొడవ మొదలై టీవీలు ఎర్రబడిన వారంలో మా ఇద్దరికీ ఒకే రోజు పిలుపు వచ్చింది.

మాది చెరుకుపల్లి. నన్ను సాగనంపడానికి మా చర్చి నుంచి తెనాలి స్టేషన్‌కి ఒక వ్యాను నిండా జనం వచ్చారు. పాస్టరు గారు ప్లాట్‌ఫారం మీదే ప్రార్థన చేశారు. అమ్మ ఏడవలేదు. మా అబ్బాయి సరిహద్దుకి వెళ్తున్నాడని, పక్కన నిలబడ్డ ముక్కూముఖం తెలియని ఆవిడకి చెప్పింది.

మూడు రోజుల తర్వాత శిబిరంలో పేర్లు పిలిచారు. ఈ ఊళ్ళు తెలిసినవాళ్ళు కావాలని పదకొండు మందిని వేరుచేసి, వెళ్ళిన దారినే వెనక్కి పంపారు. రైలు తెనాలి దాటుతుంటే కాకుమాను అతను కిటికీలోంచి చూసి అన్నాడు.

"మనకేసిన దండలు ఇంకా వాడి కూడా ఉండవు బావా."

మా పని ఏమిటో ఇప్పటికీ చాలామందికి అర్థమయ్యేలా చెప్పలేను. పోరాటం ముందువైపు జరుగుతుంది. అక్కడికి చేరవలసినవన్నీ వెనక నుంచే వెళ్ళాలి. ఆ వెనక ప్రాంతాన్ని కాచేవాళ్ళు చాలామంది: రైల్వే పోలీసులు, టౌను పోలీసులు, కరెంటు వాళ్ళు, మా జవాన్లు. ఎవరి కాపలా వాళ్ళదే. ఇద్దరూ చూస్తున్న చోట ఇద్దరూ ఎదురుపడి ఒకరినొకరు ఆపుకుంటారు. ఇద్దరూ వదిలేసిన చోట ఎవరూ ఉండరు. అలా జరగకుండా అందరి లెక్కా ఒకచోట కలపడం మా గది పని. తెనాలి జంక్షన్‌లో ముగ్గురం. రేపల్లెలో లైను చివర సీలు వేసి నిలిపిన నలభై రెండు వ్యాగన్ల దగ్గర మావాళ్ళు నలుగురు, రైల్వే పోలీసులు అయిదుగురు. బాపట్లలో మేము నలుగురం. వ్యాగన్లలో ఏముందో మాకు చెప్పలేదు.

ప్రతి గంటకూ ఓపెన్ లైను కలుస్తుంది. అందులో ఎవరు మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది. తెనాలి, రేపల్లె, రైల్వే పోలీసు, టౌను పోలీసు, కరెంటు, ఈ వరసలో ఎవరి లెక్క వాళ్ళు చెప్పాలి. నేను రాసుకోవాలి. నా బదులు మనిషి వచ్చి సంతకం పెట్టేవరకు కుర్చీ వదలకూడదు. బయటికి పోవడానికి లేదు. మా ఫోన్లు ఒక ఇనప పెట్టెలో, తాళంచెవి సుబేదారు గారి మెడలో.

ఆదివారం నాలుగు గంటలకు ఇంటికి మూడు నిమిషాలు మాట్లాడనిచ్చేవాళ్ళు. స్పీకరు పెట్టి, సుబేదారు గారి ఎదుట. నాలుగు సంగతులు చెప్పకూడదు: ఎక్కడున్నామో, ఎంతమందిమో, ఏం చేస్తున్నామో, వాతావరణం ఎలా ఉందో.

మొదటి ఆదివారం మేము వచ్చిన నాలుగో రోజు.

"చలిగా ఉందా నాయనా అక్కడ?" అంది అమ్మ.

నా మోచేతి కింద రిజిస్టరు పేజీ చెమటకు తడిసి అతుక్కుపోయి ఉంది.

"బాగానే ఉన్నానమ్మా."

"మంచు పడతందంట గదా. టీవీలో చూపిచ్చారు. స్వెట్టరు పంపుదామంటే అడ్రసు ఇవ్వరంట."

వెనక నుంచి చెల్లి గొంతు వినిపించింది. "అన్నయ్యా, అమ్మ పగలంతా ఏం తినట్లేదు. నువ్వెళ్ళిన కాణ్ణుంచీ ఉపవాసం. మాత్ర మాత్రం మానదు. ఇవాళ మధ్యాహ్నం మిషన్లో చూస్తే అరవై ఎనిమిది."

"నోర్ముయ్యవే. వాడికియ్యన్నీ ఎందుకు?"

అమ్మకి ఆరేళ్ళుగా షుగరు. పొద్దున వేసుకునే మాత్ర తిండి ఉంటేనే వేసుకోవాలి. తినకుండా వేసుకుంటే చక్కెర డెబ్బై కిందికి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అంగన్‌వాడీలో పిల్లల తల్లులకు ఇలాంటివి ఆమే చెబుతుంది.

"అమ్మా, ఉపవాసం ఉంటే మాత్ర మానెయ్. మాత్ర వేసుకుంటే తిను."

"మాత్ర మానొద్దని డాక్టరు చెప్పాడు. తిననని దేవుడికి నేను మాటిచ్చా. ఎవరికి తప్పమంటావు?"

సుబేదారు గారు గడియారం వైపు వేలు చూపించారు. మూడు నిమిషాలు అయిపోయాయి.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో మనిషైనా ప్రమాదంలో ఉంటే, ఆ మనిషి తిరిగొచ్చేవరకు ఆడవాళ్ళు రోజులు పంచుకుని ఉపవాసం ఉంటారు. రోజుకు ముగ్గురు. పొద్దున నుంచి సాయంత్రం ప్రార్థన అయ్యేవరకు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. ఇంట్లో నాన్న ఉన్నాడు, రైసు మిల్లులో గుమాస్తా. ఆయన మాట మిల్లులోనే వినరు, ఇంట్లో అసలే వినరు.

తొమ్మిదో రోజు, శుక్రవారం, కొత్త సీళ్ళు అందించడానికి రేపల్లె వెళ్ళాల్సి వచ్చింది. నా కుర్చీలో కాకుమాను అతను కూర్చున్నాడు. పట్టా కప్పిన బండి వెనక నేను, ముందు సుబేదారు గారు. బాపట్ల నుంచి రేపల్లెకు దారి చెరుకుపల్లి మీదుగానే. మా సెంటర్లో మొక్కజొన్న ట్రాక్టరు అడ్డం తిరిగి బండి ఆగింది. పట్టా చిరుగులోంచి మా చర్చి వరండా కనిపించింది. గుమ్మం ముందు చెప్పులు ఇరవై ఒక్క జతలు. అమ్మవి గుర్తుపట్టాను. ఎడమ చెప్పు పట్టీకి నల్లదారంతో కుట్టు.

వరండా గోడకు నల్లబల్ల. దాని మీద సుద్దతో గళ్ళు గీసి తేదీలు, తేదీకి మూడేసి పేర్లు. రెండో పేరు, మూడో పేరు రోజుకోలా మారుతున్నాయి. మొదటి పేరు మారడం లేదు. పై నుంచి కింద దాకా అమ్మ పేరే. బండి కదిలేలోపు తొమ్మిది లెక్కపెట్టాను.

తిరిగొచ్చాక సుబేదారు గారితో చెప్పాను. ఆయనది పలాస వైపు. రాగి రంగు మీసం, ఇరవై ఆరేళ్ళ సర్వీసు.

"సాబ్, ఒక్క మాట చెప్పనివ్వండి. సరిహద్దులో లేనని. అంతే. ఎక్కడున్నానో చెప్పను."

"లేవని సెప్తే, ఎక్కడున్నావని అడగదేటి?"

"రేపల్లెలో టీ కొట్టాయనకి కూడా తెలుసు సాబ్, మిలటరీ దిగిందని."

"టీ కొట్టోడికి తెలిస్తే అది పుకారు. నువ్వు సెప్తే అది సమాచారం." కళ్ళజోడు పెట్టుకున్నారు. "మా యింటిదానికీ తెల్దు నానెక్కడున్నానో. నీకు ఇల్లు దగ్గరని బాధ, నాకు దూరమని బాధ. రూలుకి దూరం దగ్గర ఉండవు. కాయితం మీద రాసియ్యి, పైకి పంపుతాను."

రాసిచ్చాను. ఆరు వాక్యాలు రాసి, నాలుగు కొట్టేసి, రెండు పంపాను. జవాబు రాలేదు.

పదకొండో రోజు మళ్ళీ ఆదివారం. అమ్మ గొంతు సన్నబడింది.

"ఎక్కడున్నావో ఒక్క మాట చెప్పు. ఆ పూటే తింటా."

సుబేదారు గారి వేలు ఫోను కట్ చేసే బటన్ మీద ఉంది. నొక్కలేదు. నొక్కాల్సిన అవసరం నేను రానివ్వలేదు.

"చెప్పకూడదమ్మా. పేరు చెప్పకూడదు, చోటు చెప్పకూడదు. నువ్వు కూడా నా సంగతి బయట ఎవరికీ చెప్పొద్దు."

"సరేలే," అంది. మళ్ళీ తనే అంది. "ఊరు పేరు కూడా చెప్పకూడదంటే, అదెంత చెడ్డ చోటో నాకర్థమైందిలే నాయనా."

నేను చెప్పకపోవడం వల్ల ఆమె తినడం మానింది. చెప్పనని నేను ఇంకా గట్టిగా అనేసరికి ఆమె ఇంకా గట్టిగా మానింది. దీన్ని ఎటు తిప్పినా అంతే వచ్చేది. ఆ వారం చెల్లి చెప్పిన అంకె అరవై ఒకటి.

పదిహేనో రోజు గురువారం. పదకొండు గంటల లైను కలిసింది. తెనాలి సరి అన్నారు. తర్వాత రేపల్లె. అక్కడి హవల్దారు పొన్నూరు మనిషి, ఈమధ్యే వచ్చాడు. మా ఇంటివాళ్ళెవరో అతనికి తెలియదు.

"వ్యాగన్లు నలభై రెండు, సీళ్ళు నలభై రెండు. మనుషులు తొమ్మిది. అదనంగా, అనుమానితురాలు ఒకరు."

అనుమానితుల ఫారంలో ఏడు ప్రశ్నలు ఉంటాయి. వరసలో అడిగాను.

"వయసు?"

"నలభై అయిదు, యాభై మధ్య."

"ఎప్పట్నుంచి ఉంది?"

"ఎనిమిది గంటల బస్సుకి దిగిందంట. అప్పట్నుంచి ప్లాట్‌ఫారం చివర ఎండలోనే నిలబడింది."

"ఏం అడిగింది?"

"ఈ వ్యాగన్లు సరిహద్దుకెప్పుడు పోతాయని నలుగుర్ని అడిగింది. పోయేటప్పుడు ఒక సంచి తీసుకుపోయి వాళ్ళబ్బాయికి ఇవ్వమంటంది. అబ్బాయి పేరేంటమ్మా అంటే చెప్పదు. ఏ ఊరంటే చెప్పదు. చెప్పొద్దన్నాడండి అంటంది, అంతే."

తర్వాతి ప్రశ్న, దగ్గర ఉన్న వస్తువులు. నేను అడగలేదు. అతనే చెప్పాడు.

"సంచిలో గోంగూర పచ్చడి సీసా, స్వెట్టరు, బైబిలు. టౌను వాళ్ళకి అప్పగిస్తున్నాం. వ్యాను రావడానికి నలభై నిమిషాలు పడుతుందంట. మనిషి మాత్రం ఏదో దాస్తందండి. చేతులు వణుకుతున్నాయి. చెమటలు కారిపోతున్నాయి. మాట తడబడతంది. భయపడిపోయింది."

కాకుమాను అతను రాయడం ఆపి నా వైపు చూశాడు. ప్రతి ఆదివారం మా అమ్మ గొంతు విన్నవాడు అతను.

ఆ లైను మీద అప్పుడు మొత్తం పదకొండు మంది ఉన్నారు. అందులో నేను పేరు ఎరిగినవాళ్ళు అయిదుగురు. ఒక మాట అంటే పదకొండు చెవులకు వెళ్తుంది, అక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో నా చేతిలో ఉండదు. అనకపోతే నలభై నిమిషాలు.

"అది భయం కాదు," అన్నాను. "ఆమెకు షుగరు పడిపోయింది. మాత్ర వేసుకుని తినకుండా వచ్చింది. నీడలో కూర్చోబెట్టి పంచదార నీళ్ళు ఇవ్వండి. ఇప్పుడే."

"మీకెట్టా తెలుసండి?"

"మా అమ్మ."

టౌను పోలీసు ఎవరో, "ఏంటీ?" అన్నారు. సుబేదారు గారు లేచి వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను.

"రేపల్లె, సెప్పింది సెయ్యి. ముందు నీళ్ళు, తర్వాత ఫారం."

రెండు నిమిషాలకు హవల్దారు మళ్ళీ వచ్చాడు. "తాగనంటందండి. ఉపవాసం అంట. నోరు గట్టిగా మూసుకుంది."

సుబేదారు గారు మిగతావాళ్ళందరినీ లైను మీద నుంచి తప్పుకోమన్నారు. ఫోను నాకిచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అటు హవల్దారు ఆమె చెవి దగ్గర పెట్టాడు. ఊపిరి వినిపించింది.

"అమ్మా. నేను. బాపట్లలో ఉన్నా."

ఫోను నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"బాపట్లలోనే ఉన్నానమ్మా. సరిహద్దు కాదు. నాకేం ప్రమాదం లేదు. ఆ నీళ్ళు తాగు."

"ఎప్పట్నుంచి?" మాట ముద్దముద్దగా వచ్చింది.

"పదిహేను రోజుల్నుంచి."

"మరి మంచు?"

"లేదమ్మా. తాగు."

స్టీలు గ్లాసు పళ్ళకు తగిలిన చప్పుడు వినిపించింది. ఆగి ఆగి తాగింది. హవల్దారు మరో గ్లాసు తెమ్మని ఎవరినో కేకేశాడు. ఇరవై నిమిషాల పాటు ఫోను పెట్టనివ్వలేదు సుబేదారు గారు. నేను వింటూ కూర్చున్నాను. చివరికి ఆమె మామూలు గొంతుతో మాట్లాడింది.

"ముప్పై కిలోమీటర్లు లేదు గదరా."

"లేదమ్మా."

"అంతమంది తెనాలి దాకా వచ్చి పంపిచ్చారు గదరా."

సుబేదారు గారు ఫోను తీసుకున్నారు. ఆమెతో మాట్లాడినంతసేపూ నిలబడే ఉన్నారు.

"అమ్మా, నాను ఇక్కడ పెద్దోణ్ణి. జరిగింది జరిగిపోనాది. ఇప్పుడు మీరూ మా లెక్కలోకే వస్తారు. ఇది ఎవరికీ సెప్పకూడదు. ఇంట్లో ఉన్నోళ్ళకి తప్ప."

"చర్చిలో అడుగుతారండి."

"ఎక్కడున్నాడో తెలీదనండి."

"తెలిసి తెలీదని ఎట్టా అనమంటారండి? గుళ్ళో నిలబడి?"

"అయితే ఏటీ అనకండి."

"అది కాదండి బాబూ," అంది అమ్మ. స్పీకరులో అందరం విన్నాం. "మా వాడి కోసం రోజూ ఇద్దరాడవాళ్ళు పస్తులుంటున్నారండి. అందులో ఒకామె పొలం పనికి పోతా ఉంటంది ఉపవాసం. వాడు బాపట్లలో ఫ్యాను కింద కూర్చున్నాడని తెలిసి నేనాళ్ళని మాడ్చనా?"

ఆ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు. "మీరే ఏదో సూడండమ్మా," అన్నారు సుబేదారు గారు.

రిజిస్టరులో ఆయనే స్వయంగా రాశారు: అనుమానితురాలు సిబ్బందిలో ఒకరి తల్లి, అనారోగ్యం, పంపివేయబడింది. పై ఆఫీసు నుంచి సాయంత్రమే ఆదేశం వచ్చింది. ఆదివారం మాటలు నాకు రద్దు. ఇల్లు ఇంత దగ్గరున్న సంగతి ముందే చెప్పనందుకు లిఖితపూర్వక మందలింపు. చెప్పమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఫారంలో ఒక గడి ఉండేది, నేను నింపేవాణ్ణి.

ఆ తర్వాత ఇంటి నుంచి ఒక్క మాట కూడా తెలియలేదు. గంటకోసారి లెక్క అడిగాను, గంటకోసారి రాశాను. రేపల్లె పేరు వచ్చిన ప్రతిసారి హవల్దారు "అదనంగా ఏమీ లేదండి" అని నా కోసం విడిగా చెప్పేవాడు. కాకుమాను అతను నన్ను నవ్వించాలని చూసేవాడు.

"మీ అమ్మగారిని పట్టుకున్నోళ్ళకి మెడల్ ఇస్తారంట బావా. పచ్చడి సీసా మటుకు రేపల్లెలోనే ఆగింది. సాక్ష్యం కింద తినేశారంట."

ముప్పై నాలుగో రోజున వ్యాగన్లు కదిలాయి, మమ్మల్ని విడిచిపెట్టారు. ఎక్కడున్నామో ఆపైన కూడా చెప్పకూడదన్నారు. ఆ కట్టడి తీసేసి ఇప్పుడు ఏడాది దాటింది కాబట్టి రాస్తున్నాను.

ఇంట్లో ఏం జరిగిందో మర్నాడు చెల్లి చెప్పింది. రేపల్లె నుంచి వచ్చిన సాయంత్రమే అమ్మ చర్చికి వెళ్ళింది. నల్లబల్ల మీద మిగతా ఇద్దరి పేర్లూ తన చీర చెంగుతో తుడిచేసింది. ఇక నుంచి తనొక్కతే ఉంటానంది. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు.

"నీకసలే షుగరు గదా వదినా, ఒక్కదానివే ఎట్టా ఉంటావు?"

"నా కొడుకు, నా ఉపవాసం. మీరు తినండి."

అంతకు మించి ఏం అడిగినా మాట్లాడలేదు. దాన్ని వాళ్ళు పట్టుదల అనుకున్నారు. ఆ వచ్చిన ఆదివారం పాస్టరు గారు ప్రసంగంలో ఆమెను చూపించి, విశ్వాసం అంటే ఇదీ అన్నారు. అమ్మ తలెత్తలేదట. ప్రభు రాత్రి భోజనపు రొట్టె, ద్రాక్షరసం అందుకోవడానికి అందరూ ముందుకు వెళ్తే ఆమె బెంచీ మీదే కూర్చుండిపోయిందట. పొద్దున్నే వంటింటి తలుపు గడియ పెట్టుకుని, కిటికీ కూడా మూసి, మాత్ర వేసుకుని, నిలబడే రెండు ఇడ్లీలు తినేదట. మధ్యాహ్నం అంగన్‌వాడీ నుంచి వచ్చి మళ్ళీ గడియ పెట్టుకునేదట. కూర తాలింపు వాసన బయటికి పోతుందని పెరుగన్నమే తినేది.

నేను ఇంటికి వెళ్ళినరోజు చర్చిలో నన్ను ముందుకు పిలిచి, తిరిగొచ్చినందుకు చప్పట్లు కొట్టారు. అమ్మ నా పక్కనే నిలబడింది. ఆమె చేసినంత ఉపవాసం మా చర్చిలో ఎవరూ చేయలేదని ఒక పెద్దాయన అన్నాడు. ఆ మాటకు ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. వేలిగోళ్ళు దిగాయి.

మెట్ల మీదికి వచ్చాక నల్లబల్ల దగ్గర ఆగాను. ఇంకా ఎవరూ తుడవలేదు. రేపల్లె వెళ్ళొచ్చిన మర్నాటి నుంచి వరసకు ఒక్క పేరే ఉంది. వేలితో లెక్కపెట్టాను. పంతొమ్మిది.